సోమవారం నుంచి శుక్రవారం దాకా: సంగీతం క్లాసుని వాట్సాప్, యూట్యూబ్‌లతో ఇంటిదాకా తీసుకెళ్లడం ఎలా

నేను కాకినాడలో మా ఇంట్లోనే గాత్రం నేర్పిస్తాను. శని, ఆదివారాలు గంటేసి క్లాసు, మొత్తం ఇరవై రెండు మంది పిల్లలు, సరళీ స్వరాల దగ్గర్నుంచి వర్ణాల దాకా ఉన్నారు. ఆదివారం సాయంత్రం చక్కగా పాడి వెళ్లిన పిల్ల మళ్లీ శనివారం వచ్చేసరికి జంట వరసలు కూడా తడబడుతుంటే, ఇంట్లో సాధన చెయ్యట్లేదని చాలా రోజులు పిల్లల్నే అనేదాన్ని. తర్వాత అర్థమైంది, ఆ ఐదు రోజులూ ఆ పిల్ల చెవిలో శృతి లేదు, నా గొంతు లేదు, ఉన్నదల్లా నోట్‌బుక్కే, అందులో "రి" అని రాసుంటుంది గానీ ఆ రి ఎక్కడ నిలబడాలో రాసుండదు కదా.

పూర్వం గురువుగారింట్లోనే ఉండి నేర్చుకునేవాళ్లు కాబట్టి పాఠం లేని పూట కూడా పాట వినపడేది. తర్వాత కొన్ని తరాలకి ఆ లోటు రేడియో తీర్చింది, విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది, పొద్దున్నే భక్తిరంజని వింటూ జడలేసుకుని స్కూలుకెళ్లిన ఆడపిల్లలు ఎంతమందో. ఇప్పుడు ఆ పని ఫోను చెయ్యాలి. ఫోను ఎలాగూ పిల్లల చేతిలోనే ఉంది, దాన్ని మన పాఠానికి ఎలా వాడుకోవాలో మూడు నాలుగేళ్లుగా నేను చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో క్లాసులు చెప్పుకునే నాలాంటి వాళ్లకి పనికొస్తాయి, వీణ, వయొలిన్ నేర్పేవాళ్లు కూడా కొంచెం మార్చుకుని వాడుకోవచ్చు.

ముందు వాట్సాప్ గ్రూపు సంగతి. ఒకటి చాలదు, రెండు పెట్టండి. మొదటిది పాఠం గ్రూపు, దాంట్లో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేయండి, లేకపోతే పాఠం ఆడియో పైన యాభై నమస్కారం బొమ్మలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ చేరి పిల్లకి కావాల్సిన ముక్క ఎక్కడుందో దొరకదు. రెండోది సాధన గ్రూపు, ఇందులో పిల్లలు, తల్లిదండ్రులు అందరూ మాట్లాడొచ్చు, సందేహాలు అడగొచ్చు. రెండింట్లోనూ మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, నేను మొదట్లో చూసుకోక మూడు నెలల పాఠాలు పోగొట్టుకున్నాను. ఈ వారం పాఠాన్ని పైన పిన్ చేయండి, పిన్ గరిష్ఠంగా 30 రోజులు ఉంటుంది కాబట్టి వారం వారం మార్చుకోవడానికి సరిపోతుంది.

ఇంకోటి, వాట్సాప్‌ని బీరువాలా వాడొద్దు. ఎవరో ఫోను మారుస్తారు, ఎవరో మెమరీ నిండిందని అన్నీ డిలీట్ చేస్తారు, పాత ఆడియో మళ్లీ డౌన్‌లోడ్ చేద్దామంటే కాదు. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకోండి, ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఆడియో పాఠాలు ఏళ్ల తరబడి పడతాయి, ఆ లింకు గ్రూపు వివరాల్లో పెట్టేయండి. ఫైల్ పేరు మాత్రం శ్రద్ధగా పెట్టాలి, "ఆడియో 27" అని పెడితే ఆర్నెల్ల తర్వాత మీకే తెలీదు. నేనైతే రాగం, రచన రకం, అందులో ఏ భాగం, ఏ శృతి, ఈ వరసలో పెడతాను, అంటే "మోహన వర్ణం, ముక్తాయి స్వరం, ఐదున్నర" అలాగ.

ఇప్పుడు అసలు విషయం, పాఠం రికార్డ్ చెయ్యడం. చాలామంది టీచర్లు మొత్తం గీతం ఒక్క ఊపులో పాడేసి పంపేస్తారు, పిల్ల అది వింటుంది, బాగుందనుకుంటుంది, అంతే, పాడదు. మీరు ఒక్క ఆవర్తనమే, అంటే తాళం ఒక్క చుట్టు తిరిగేంత ముక్కే తీసుకోండి. ముందు పది సెకన్లు ఒట్టి శృతి వినిపించండి, తర్వాత తాళం వేస్తూ ఆ ఆవర్తనం ఒకసారి పాడండి, తర్వాత నోరు మూసుకుని తాళం మాత్రం వేస్తూ అంతే సమయం ఖాళీ వదలండి. ఆది తాళంలో 8 అక్షరాలు, అక్షరానికి ఒక సెకను చొప్పున వేసుకుంటే ఎనిమిది సెకన్ల ఖాళీ, ఆ ఖాళీలో పిల్ల పాడాలి. మళ్లీ మీరు, మళ్లీ ఖాళీ, ఇలా నాలుగు సార్లు, మొత్తం కలిపి నిమిషంన్నర కూడా రాదు. క్లాసులో మనం చేసేది కూడా ఇదే కదా, మనం పాడతాం, పిల్లలు అంటారు. ఈ ఖాళీ పెట్టడం మొదలుపెట్టాకే మా పిల్లలు ఇంట్లో నిజంగా నోరు తెరిచారు, అందుకే ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఇది మాత్రం చెయ్యమని అందరికీ చెప్తాను.

శృతి విషయంలో కూడా జాగ్రత్త ఉండాలి. శృతి పెట్టె మీద ఉండే అంకెల లెక్కలో ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర దగ్గర సుఖంగా ఉంటుంది, గొంతు మారిన మగపిల్లలకి, పెద్దవాళ్లకి ఒకటి, ఒకటిన్నర, కొందరికి రెండు. మీ శృతిలో ఉన్న ఒకే ఆడియో అందరికీ పంపితే గొంతు అందని వాళ్లు పైస్థాయిలో అరుస్తారు, లేదా సగం నుంచి కింద స్థాయికి దిగిపోతారు. మా దగ్గర బ్యాంకులో పనిచేసే ఒకాయన ఏడేళ్లుగా నేర్చుకుంటున్నారు, ఒకటి శృతిలో పాడేవాళ్ల కోసం పాఠం ఆయన చేత పాడించి పంపిస్తాను, ఆయనకీ అదొక సాధన.

వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కిపట్టి పంపే వాయిస్ మెసేజ్ మాట్లాడుకోవడానికి చేసింది, ధ్వని బాగా కుదించుకుపోతుంది, పాఠానికి అది వద్దు, ఫోన్లో రికార్డర్ యాప్‌తో రికార్డ్ చేసి ఫైల్‌గా పంపండి. పిల్లలు మీకు పంపేది వాయిస్ మెసేజ్ అయినా పర్లేదు, స్వరస్థానం తెలిసిపోతుంది.

పిల్లలు ఏం పంపాలి అనేది ముందే కచ్చితంగా చెప్పాలి. "రోజూ సాధన చేసి పంపండి" అంటే ఎవరూ పంపరు. మా దగ్గర పద్ధతి ఇదీ: సోమవారం నుంచి గురువారం లోపల ఏదైనా రెండు రోజులు, ముప్పై సెకన్లు మించకుండా, ఇచ్చిన ఆవర్తనం మాత్రమే, నాకు విడిగా పంపాలి. ఫ్యాన్ ఆపాలి, వంటింట్లో పాడొద్దు, బాత్రూమ్‌లో అసలు పాడొద్దు, అక్కడ గొంతు గుండ్రంగా బాగా వినపడి అపస్వరాలన్నీ దాక్కుంటాయి. శృతి ఇంకో ఫోన్లోనో శృతి పెట్టెలోనో పెట్టి రెండు మూడడుగుల దూరంలో ఉంచాలి, రికార్డ్ చేసే ఫోను నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఇయర్‌ఫోన్స్‌లో శృతి పెట్టుకుని పాడితే పిల్లకి వినపడుతుంది గానీ రికార్డింగ్‌లో నాకు వినపడదు, ఆ పాట శృతిలో ఉందో లేదో నేనెలా చెప్పగలను.

ఇరవై రెండు మంది, మనిషికి ముప్పై సెకన్లు అంటే పదకొండు నిమిషాలు వినడం, జవాబులు చెప్పడంతో కలిపి నాకు నలభై నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఏడున్నరకి కూర్చుంటాను, ఎనిమిదిన్నర దాటాక ఎవరు పంపినా మర్నాడే వింటానని చెప్పేశాను. ఈ గీత గీసుకోకపోతే రాత్రి పదకొండింటికి కూడా "మేడమ్ విన్నారా" అని వస్తాయి, రెండు నెలల్లో విసుగొచ్చి మొత్తం మానేస్తారు, అలా మానేసిన టీచర్లు నాకు తెలుసు.

ఈ ముప్పై సెకన్లలో ఏం తెలుస్తుందని అడుగుతారు కొందరు. ఒకటి చెప్తాను. కిందటేడు మా బ్యాచ్‌లో తొమ్మిదేళ్ల పాప సరళీ వరస పంపింది, వెనకాల కుక్కర్ విజిల్, మధ్యలో తమ్ముడి ఏడుపు, అయినా గొంతు స్పష్టంగా ఉంది. ఆరోహణ బాగానే వెళ్లింది, దిగేటప్పుడు "స ని ద ప" దగ్గర ఏదో తేడాగా అనిపించి మూడు సార్లు విన్నాను. సరళీ వరసలు పాడేది మాయామాళవగౌళ రాగంలో, అందులో ఉండేది శుద్ధ ధైవతం, పంచమానికి బాగా దగ్గర్లో ఉంటుంది, ఈ పాప నిషాదం నుంచి దిగుతూ ముందే ఆగిపోయి, దానికంటే పైనుండే చతుశ్రుతి ధైవతం మీద నిలబడుతోంది. అలా పాడితే మేళకర్త రాగాల వరసలో 15వదైన ఈ రాగం కాస్తా 17వది, సూర్యకాంతం అయిపోతుంది. క్లాసులో పదకొండు మంది కలిసి పాడుతుంటే ఇది నాకు ఎన్ని వారాలు వినపడలేదో! జవాబుగా నేను పంపింది ఒక్క పదిహేను సెకన్లు, "ప ద ప, ప ద ప" అని నిదానంగా నాలుగు సార్లు పాడి, తర్వాత "ని ద ప" పాడి, "నీ ధైవతాన్ని పంచమం పక్కనే కూర్చోబెట్టమ్మా" అన్నాను. సోమవారం చెప్తే గురువారానికి సరిచేసుకుని పంపింది. అదే నేను శనివారం దాకా ఆగి ఉంటే ఆ తప్పు మీదే ఇంకో వారం సాధన జరిగేది.

జవాబు ఎప్పుడూ పాడే ఇవ్వండి, టైప్ చెయ్యొద్దు. "ధ తగ్గించు" అని రాస్తే పిల్లకి ఏం అర్థమవుతుంది, గొంతు తగ్గించమన్నారనుకుంటుంది. ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పండి, మూడు కనపడినా సరే ఒక్కటే. తప్పు విడిగా చెప్పండి, గ్రూపులో వద్దు. నలుగురైదుగురు అదే తప్పు చేస్తుంటే పేర్లు లేకుండా "ఈ వారం అందరం రిషభం మీద కొంచెం జాగ్రత్తగా ఉందాం" అని మీరే పాడి పాఠం గ్రూపులో పెట్టండి. తల్లిదండ్రులు పక్క పిల్లతో పోల్చడం మొదలెడితే పిల్ల రికార్డింగ్ పంపడం ఆగిపోతుంది, కాబట్టి పిల్లల సాధన రికార్డింగులు గ్రూపులో పెట్టనివ్వకండి. ఎవరికైనా ఒక సంగతి చాలా బాగా కుదిరితే ఆ పిల్లని అడిగి, సరే అంటేనే నేను పెడతాను.

తాళం మాత్రం ఆడియోలో తెలీదు. నోరు ఒక కాలంలో, అంటే ఒక వేగంలో, చెయ్యి ఇంకో కాలంలో నడుస్తున్న పిల్లలు ఉంటారు, వింటే బాగానే ఉంటుంది. అందుకని పదిహేను రోజులకోసారి వీడియో అడుగుతాను, మొహం అక్కర్లేదు, ఫోను కిందికి వంచి తొడ మీద తాళం వేసే చెయ్యి కనపడితే చాలు. సిగ్గుపడే పిల్లలు కూడా ఇలాగైతే పంపిస్తారు, మొహాలు ఎక్కడికీ పోవు అని తల్లిదండ్రులకీ ధైర్యం. అలంకారాలు మూడు కాలాల్లో పాడేటప్పుడు మొదటి కాలం నుంచి రెండో కాలానికి మారే చోట చేతి వేగం పెరిగిపోవడం ఈ వీడియోల్లోనే పట్టుకున్నాను.

ఇక వినికిడి. నా దృష్టిలో యూట్యూబ్ ఉన్నది దీనికోసం. ప్రసార భారతి ఆర్కైవ్స్ ఛానెల్లో పాత కచేరీలున్నాయి, మన చిన్నప్పుడు రేడియోలో ఒక్కసారి విని వదిలేయాల్సినవి ఇప్పుడు ఎన్నిసార్లయినా వినొచ్చు. కానీ "ఈ లింకు వినండి" అని నలభై నిమిషాల కచేరీ పడేస్తే ఏ పిల్లా వినదు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా వినాలో చెప్పండి, మూడు నాలుగు నిమిషాలు చాలు, దాంతోపాటు ఒక ప్రశ్న ఇవ్వండి. "బాగుందా" అని అడగొద్దు, "ఎక్కువసేపు ఏ స్వరం మీద నిలబడ్డారు", "పల్లవి ఎన్ని సంగతులు (అదే లైను మార్చి మార్చి పాడటం) పాడారు, లెక్కపెట్టు", "తనియావర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఎక్కడ మొదలైంది" ఇలాంటివి అడగండి. పెద్ద పిల్లలకైతే నేను ఒకే బాణీ వాళ్లని పక్కపక్కన పెడతాను. శ్రీపాద పినాకపాణి గారు 1913లో పుట్టి నూరేళ్లకి కొద్ది నెలలు తక్కువగా బతికారు, వృత్తి రీత్యా డాక్టరు. ఆయన దగ్గర నేర్చుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, ఈ ముగ్గురి గొంతుల్లో ఒకే రాగం ఆలాపన విని ఎక్కడ కలుస్తున్నారు, ఎక్కడ విడిపోతున్నారు అని అడిగితే పిల్లలు చెప్పే జవాబులు చూసి నేనే ఆశ్చర్యపోయాను. గురువు దగ్గర్నుంచి శిష్యుడికి ఏం వస్తుందో, శిష్యుడు సొంతంగా ఏం కలుపుకుంటాడో ఎంత వివరించినా రాని అర్థం పది నిమిషాలు వింటే వచ్చేస్తుంది.

గమకం పట్టుబడకపోతే యూట్యూబ్‌లో స్పీడు 0.75కి తగ్గించి వినమనండి, శృతి మారదు, స్వరం ఎలా ఊగుతోందో తెలుస్తుంది. సగం కంటే తగ్గిస్తే ధ్వని ముద్దయిపోతుంది. పెంచడం మాత్రం వద్దు, ఇప్పుడు పిల్లలకి అన్నీ ఒకటిన్నర స్పీడులో వినే అలవాటుంది, నా పాఠం ఆడియో కూడా అలా విని వచ్చిన అబ్బాయి ఉన్నాడు, కార్వైలన్నీ, అంటే స్వరం సాగదీసి నిలపాల్సిన చోట్లన్నీ మింగేసి పాడాడు.

రాగం గుర్తుపట్టే ఆట కూడా బాగుంటుంది. కల్యాణికి, శంకరాభరణానికి మధ్యమం ఒక్కటే తేడా, మోహనకి, హంసధ్వనికి ధైవతం, నిషాదం తేడా, ఇలాంటి జంటలు తీసుకుని నేనే ఒక అరనిమిషం పాడి ఇది ఏది అని అడుగుతాను. మొదట్లో వాట్సాప్ పోల్ పెట్టేదాన్ని, ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనపడుతుంది కాబట్టి బాగా పాడే అమ్మాయి ఏది నొక్కితే అందరూ అదే నొక్కేవాళ్లు. ఇప్పుడు జవాబు నాకు విడిగా పంపమంటాను, ఎందుకనుకున్నారో కూడా చెప్పాలి. "మ పైకి ఉంది మేడమ్" అన్నా చాలు.

పాఠాంతరం గొడవ ఒకటి తప్పకుండా వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి. మీరు కృతి పల్లవి చెప్పిన రోజు సాయంత్రమే పిల్ల యూట్యూబ్‌లో అదే కృతి వెతుకుతుంది, అక్కడ ఇంకెవరో సంగతులు వేరేగా పాడుంటారు, సాహిత్యంలో ఒక మాట కూడా మారి ఉండొచ్చు, వచ్చే వారం రెండూ కలిపి పాడేస్తుంది. కోప్పడొద్దు, వెతికి విందంటే ఆసక్తి ఉన్నట్టేగా. మా దగ్గర నియమం ఏంటంటే కృతి మొత్తం నేర్చుకుని తాళంతో ఒంటరిగా పాడేదాకా మన పాఠమే వినాలి, ఆ తర్వాత ఎంతమందివి కావాలంటే అంతమందివి వినొచ్చు, తేడాలు రాసుకుని క్లాసుకి తేవాలి. ఆ తేడాల మీద జరిగే చర్చే ఒక్కోసారి మా మంచి క్లాసు. పెద్ద విద్వాంసులు వేర్వేరుగా పాడారంటే ఎవరో తప్పు పాడారని కాదు, వాళ్ల గురుపరంపరల్లో అలా వచ్చింది అని పిల్లలకి చెప్పాలి, లేకపోతే కామెంట్లలో పోయి పోట్లాడతారు.

మీ పాఠాలు యూట్యూబ్‌లో పెట్టుకోవాలంటే అన్‌లిస్టెడ్‌లో పెట్టండి, వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లే చూడగలరు. కానీ ఆ లింకు ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు, కాబట్టి పిల్లల మొహాలున్న వీడియోలకి అది కూడా సరిపోదు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ 13 ఏళ్లలోపు వాళ్లని సొంతంగా అకౌంటు పెట్టుకోవద్దంటాయి. అందుకే మా గ్రూపుల్లో చిన్నపిల్లల నంబర్లుండవు, అమ్మదో నాన్నదో ఉంటుంది. చేరేటప్పుడే ఒక కాగితం మీద అడుగుతాను, మీ పిల్ల ఆడియో గ్రూపులో పెట్టొచ్చా, ఫొటో పెట్టొచ్చా, కచేరీ వీడియో బయట పెట్టొచ్చా అని, మూడూ విడివిడిగా. ఒకదానికి సరే అని మిగతావాటికి వద్దనే వాళ్లే ఎక్కువ, అలా అనే హక్కు వాళ్లకుంది.

త్యాగరాజస్వామి కృతి ఎవరైనా పాడుకోవచ్చు గానీ, దాన్ని ఒక కళాకారిణి పాడిన రికార్డింగ్ మామూలుగా దాన్ని విడుదల చేసిన కంపెనీ సొత్తు, అది కట్ చేసి మీ ఛానెల్లో పెట్టొద్దు, లింకు పంపితే చాలు.

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను, వర్ణం పూర్తిగా రెండు కాలాల్లో పాడలేని పిల్ల చేత రీల్ చేయించొద్దు. ఒక అమ్మాయి వర్ణంలో చిట్టస్వరం అనే స్వరాల భాగం ఒక్కటే ఇరవై రోజులు తయారుచేసి రీల్ పెట్టింది, వేల మంది చూశారు, ఆ తర్వాత పల్లవి సాధన చెయ్యమంటే ఇష్టపడలేదు, దాన్ని ఎవరూ చూడరు కదా అంది. మళ్లీ దారిలోకి తేవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. లైకులు చూసి పాడే పిల్ల తనకి బాగా వచ్చిన ముక్కే మళ్లీ మళ్లీ పాడుతుంది, సాధనంటే రానిది పాడటం. పెద్ద పిల్లలు, కచేరీలు మొదలుపెట్టిన వాళ్లు పెట్టుకోవచ్చు, వాళ్లకి అది అవసరం కూడా.

దూరంగా ఉన్న పిల్లలకి కొంచెం వేరే ఏర్పాటు కావాలి. మా దగ్గర నేర్చుకుంటూ మధ్యలో డల్లాస్ వెళ్లిపోయిన అక్కాచెల్లెళ్లు ఇద్దరున్నారు, మనకి సోమవారం పొద్దున్న ఆరున్నర అంటే వాళ్లకి వేసవిలో ఆదివారం రాత్రి ఎనిమిది, చలికాలంలో ఏడు, మార్చిలో, నవంబర్‌లో వాళ్ల గడియారం మారినప్పుడు ముందే గుర్తుచేసుకోకపోతే ఒక క్లాసు పోతుంది. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ ఉంటుంది, రెండు వైపులా అది ఆన్ చెయ్యాలి, లేకపోతే తంబూరాని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తుంది, సాగదీసిన స్వరం మధ్యలో తెగిపోతుంది. కలిసి పాడాలని మాత్రం ప్రయత్నించొద్దు. పావు సెకను ఆలస్యం వచ్చినా, అక్షరం సెకను లెక్కన మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు కదా, సరిగ్గా ఒక స్వరం వెనకపడినట్టు. నేను పాడతాను, ఆపుతాను, వాళ్లు పాడతారు. కలిసి పాడే సుఖం కోసం నేను తాళంతో రికార్డ్ చేసి పంపిన కృతి మీద వాళ్లు పాడుకుంటారు, మధ్యలో నా గొంతు ఆపేసి ఉన్న ఖాళీలు ఉంటాయి, పైన చెప్పిన పద్ధతే.

ఆఖరుగా ఒకటి. పదో తరగతి, ఇంటర్ వచ్చేసరికి మనవాళ్లు సంగీతం మాన్పించేస్తారు, ఏం చేస్తాం, క్లాసుకి రారు. వాళ్లని గ్రూపులోంచి తీసెయ్యకండి. రికార్డింగ్ పంపమని అడగొద్దు, వారానికి ఒక మూడు నిమిషాల వినికిడి లింకు మాత్రం వాళ్లకి కూడా వెళ్లనివ్వండి. మా దగ్గర ఇప్పుడు అలాంటి వాళ్లు నలుగురున్నారు. అందులో ఒకబ్బాయి ఇంటర్ రెండేళ్లూ ఒక్క మెసేజ్ పెట్టలేదు, మొన్న జూన్‌లో పరీక్షలన్నీ అయిపోయాక వచ్చి కాంభోజిలో ఫలానా ఆలాపన బస్సులో రోజూ విన్నాను మేడమ్ అని చెప్పి, అందులో ఒక ముక్క పాడి వినిపించాడు. గొంతు మారిపోయింది, శృతి ఐదు నుంచి ఒకటిన్నరకి దిగింది. ఇప్పుడు శనివారం బ్యాచ్‌లో వర్ణం నుంచి మళ్లీ మొదలుపెట్టాం.